"జరా టైట్ ఉన్నది" అంటే ఎంత?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం 'కుటుంబ ఆర్థిక క్రమశిక్షణ'. ఆహ్వాన పత్రికలో అట్లనే అచ్చయింది. ఆ పేరు వింటే సభలో సగం మంది భోజనాల దిక్కు పోతారని మాకు తెలుసు. అందుకని కార్యదర్శిగారిని అడిగి అంశం కొంచెం మార్చుకున్నాం. చేతిల పైసలు లేనప్పుడు మన నోట్లోంచి ఏ మాట వస్తుంది, ముఖ్యంగా ఏ ఇంగ్లీషు మాట వస్తుంది, ఆ మాట వల్ల మనకేం జరుగుతున్నది అన్నది ఈ అరగంట చెప్పుకుందాం.

మేమంటే ముగ్గురం. ఒకరు బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు. ఒకరు తెలుగు బడిలో పిల్లలకు చదువు చెప్పినావిడ. ఇంకొకరు కార్ఖానాల లెక్కలు రాసేవారు. ప్రతి ఆదివారం పొద్దున మందిరం హాల్లో ఒక బల్ల వేసుకొని కూర్చుంటాం. ఎవరికైనా బ్యాంకు నుంచో, ఫైనాన్స్ నుంచో కాగితం వస్తే చదివి, అందులో ఏమున్నదో మన మాటల్లో చెప్తాం. అంతే మా పని. పైసలు ఇవ్వం, ఇప్పించం. ఈ ప్రసంగం ముగ్గురం కూర్చొని రాసుకున్నాం గనుక 'మేము' అంటున్నాం, గొప్పకు కాదు.

ఆ బల్ల ముందు కూర్చున్న మనిషి మొదట అనే మాట దాదాపు ఎప్పుడూ ఒక్కటే. "జరా టైట్ ఉన్నది సార్." వారం పగారు చేతికి రాని మగ్గం కార్మికుడు అదే అంటాడు, ఎనిమిది మగ్గాల కార్ఖానాదారు అదే అంటాడు. ఒకాయనకు ఐదు వందలు తక్కువ, ఇంకొకాయనకు ఐదు లక్షలు తక్కువ. మాట మాత్రం ఒక్కటే. ఇంకొంచెం సేపు మాట్లాడితే మిగతావి బయటికొస్తాయి. "పైసలు షార్ట్ పడ్డయి." "మార్కెట్ డల్ ఉన్నది." "పేమెంట్ పెండింగ్." "అడ్జస్ట్ చేస్తున్న." "అన్నీ రొటేషన్ల ఉన్నయి." మేము ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోయాం. రాసింది తిరగేస్తే మాకు కనపడ్డది ఏమంటే, వీటిలో ఒక్కదానికీ అంకె లేదు, తేదీ లేదు, ఎవరికి ఇవ్వాలన్నది లేదు.

మన పాత మాటలు తీసుకోండి. చేబదులు అంటే ఒక చేతి నుంచి ఇంకో చేతికి. వడ్డీ లేదు, కాగితం లేదు, నాలుగు రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఇవ్వకపోతే ముఖం చెల్లదు. మరాఠీవాళ్లు ఉసనే అనేది ఇదే. అప్పు అన్నామంటే దానికి వడ్డీ ఉన్నట్టు. కుదువ అంటే మన వస్తువు పోయి వాళ్లింట్లో కూర్చున్నట్టు. ఉచల్ అనే మాట మరాఠీది, కాని కార్ఖానాల్లో మనోళ్ల నోట మరాఠీవాళ్ల కంటే ఎక్కువ ఆడుతుంది. పని చేయకముందే యజమాని దగ్గర తీసుకున్న పైసలు అవి, తీరేదాకా ఇంకో కార్ఖానా గడప తొక్కలేవు. 'చెయ్యి ఆడ్తలేదు' అంటే ఆస్తి ఉండొచ్చు, రొక్కం లేదు. 'ఇల్లు ఎల్తలేదు' అంటే నెల గడవడం లేదు. 'పస్తు' అంటే పొయ్యి వెలగలేదు.

ఏ మాట అన్నా, విన్నవాడికి మనిషి ఎంత లోతులో ఉన్నాడో తెలిసిపోయేది. చేబదులు అడిగితే జేబులో చెయ్యి పెట్టేవాడు. ఇల్లు ఎల్తలేదంటే ఇంట్లో చెప్పి బియ్యం పంపేవాడు. కుదువ దాకా పోయిందంటే పేటలో ఇద్దరు పెద్దమనుషులను కూర్చోబెట్టేవాడు. టైట్ అంటే ఏం చేయాలి? "అందరికీ అట్లనే ఉన్నది అన్నా" అని టీ తాగి లేస్తాం.

పాతకాలం అంతా బంగారమని చెప్పడం లేదు. మన తాతలు సావుకారు బుక్కులో ఏం రాసిండో తెలియకుండానే వేలిముద్రలు పెట్టినారు. మాట మనదైనా రాత మనది కాదు అప్పుడు. ఇప్పుడు రాత చదవగలుగుతున్నాం, మాట పోగొట్టుకున్నాం.

ఇంగ్లీషును తిట్టడానికి మేము ఈ మైకు పట్టుకోలేదు. ఆ భాషలో పేదరికానికి మంచి మాటలు, గట్టి మాటలు ఉన్నాయి. 'త్రెడ్‌బేర్' అని ఒక మాట ఉన్నది. ఉన్ని బట్ట మీద నూగు ఉంటుంది గదా, అది అరిగిపోయి లోపలి పడుగు, పేక బయట కనపడితే ఆ బట్ట త్రెడ్‌బేర్. ఆ బట్ట తొడిగిన మనిషి కూడా త్రెడ్‌బేరే. చూడండి, ఇది నేతగాడి కన్నుతో చూసిన మాట. మనం పుట్టించాల్సిన మాట వాళ్లు పుట్టించుకున్నారు. 'స్కింట్' అంటే తోలు ఒలిచిన మనిషి అని. 'ఆన్ హిజ్ అప్పర్స్' అంటే చెప్పుల అట్ట పూర్తిగా అరిగిపోయి పై తోలు మీదనే నడుస్తున్నాడని. 'బ్రోక్' అంటే విరిగిపోయినవాడు. 'బ్యాంక్‌రప్ట్' అనేది ఇటలీ భాషలో విరిగిన బల్ల అనే మాట నుంచి వచ్చింది, వడ్డీ వ్యాపారం చేసేవాడు కూర్చునే బల్ల. మనం వాడే దివాలాకు కూడా ఇసుమంటి కథే చెప్తారు, వర్తకుడు ఇక ఇచ్చుకోలేనని పట్టపగలు దీపం పెట్టి కూర్చునేవాడని.

'మార్టిగేజ్' ఉన్నది. పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని అర్థం చచ్చిన తాకట్టు అని. ఇల్లు మార్టిగేజ్ చేసినా అంటే మనకు ఏదో ఆఫీసు పని చేసినట్టు వినపడుతుంది. అసలు మాటలో చావు ఉన్నది.

నవ్వు వచ్చేది ఒకటి చెప్తాం. ఇంగ్లండులో పాతకాలంలో గడియారమో, కోటో తాకట్టు పెట్టడానికి పోయినవాడు "మా అంకుల్ దగ్గరికి పోయివస్తా" అనేవాడు. అంకుల్ అంటే తాకట్టు దుకాణం వాడన్నమాట! మనకైతే మామ దగ్గరికి పోతే ఏమైనా పెట్టి పంపుతాడు, వాళ్ల అంకుల్ మాత్రం ఉన్నది గుంజుకుంటాడు. సిగ్గు కప్పుకోవడానికి వాళ్లకూ ఒక ముసుగు మాట కావాల్సి వచ్చింది. ఆ మాట ఇక్కడికి ఎందుకు తెచ్చామో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇక మన టైట్ సంగతి. ఇంగ్లీషులో 'మనీ ఈజ్ టైట్' అంటారు, పైసలు బిగుసుకున్నయి అని. 'ఐ యామ్ టైట్' అని మనిషి తన గురించి అన్నాడంటే రెండే అర్థాలు. నేను పిసినారిని, లేకపోతే నేను తాగి ఉన్నాను. మనోళ్లు బ్యాంకు మేనేజరు ముందు "సార్, ఐ యామ్ టైట్" అనడం మాలో ఒకరు ముప్పై ఏళ్లు విన్నారు. మేనేజరు కూడా మనసుమంటివాడే గనుక గడిచిపోయింది.

ఇన్ని మాటలున్న భాష నుంచి మనం ఏరి ఏరి అన్నిటికంటే అస్పష్టమైన నాలుగు మాటలు ఎందుకు తెచ్చుకున్నాం? మాకు తోచిన కారణం ఇజ్జత్. మన పెద్దలు సోలాపూర్ వచ్చి ఇక్కడ 1877లో మొదలైన జూనీ మిల్లులో, తర్వాత వచ్చిన మిల్లుల్లో పనికి కుదిరినప్పటి నుంచి ఇంగ్లీషు మన బతుకులో పైవాడి భాష. టైమాఫీసు భాష, పగారు కాగితం భాష. అందులో ఏది చెప్పినా కొంచెం గౌరవంగా వినపడుతుంది. "అప్పుల్లో ఉన్న" అంటే తప్పు నాది. "మార్కెట్ డల్ ఉన్నది" అంటే అది వానలాంటిది, ఎవరి తప్పూ కాదు. అట్లా అనుకోవడంలో కొంచెం దయ కూడా ఉన్నది, దాన్ని మేము ఎగతాళి చేయం. పెళ్లి మండపంలో పదిమంది ముందు అప్పు మాట చెప్పుకోలేం, నిజమే. కాని ఆ ముసుగు వేసుకొనే ఇంట్లోకి కూడా పోతున్నాం. అక్కడ మొదలవుతున్నది కష్టం.

ఒక ఇంటి సంగతి చెప్తాం. పేరు చెప్పం, పేట చెప్పం. వాళ్లు ఒప్పుకున్న తర్వాతనే చెప్తున్నాం.

నాలుగు మగ్గాల కార్ఖానా, టవల్ మాల్. కొడుకు నడుపుతాడు. కోడలు కండెలు చుట్టి, లెక్క చూసేది. అవ్వ, అంటే ఆయన తల్లి, ఇంట్లోనే బీడీలు చేస్తుంది. ఒక దీపావళి ముందు మాల్ పోయింది గాని పైసలు రాలేదు. నూలు కొనడానికి 35 వేలు తక్కువ పడ్డయి. ఆయన ఇంట్లో ఏమన్నాడు? "జరా టైట్ ఉన్నది." ఫోన్‌లో దోస్తుకు అదే, బావమరిదికి అదే. ఇంట్లోవాళ్లు సరేనన్నారు. ఆయన ఒక ఫైనాన్స్ దగ్గర 35 వేలు తెచ్చిండు. మూడు నెలలకు ఆ హప్తా కట్టడానికి ఇంకో చోట 50 వేలు. ఆ రెండూ కట్టడానికి ఒక సావుకారు దగ్గర లక్ష. ప్రతిసారీ తీసుకున్నదాంట్లో కొంత ఇంట్లో ఖర్చయ్యేది, కొంత ప్రాసెసింగ్ ఫీజు అని పోయేది, మిగిలింది పాత బాకీకి. అడిగితే "రొటేషన్ నడుస్తున్నది" అనేవాడు. ఏడాదిన్నర తర్వాత మా బల్ల ముందుకు వచ్చినప్పుడు కాగితాలన్నీ పరిచి కూడితే 3 లక్షల 80 వేలు దాటింది. రెండు మగ్గాలు అప్పటికే తుక్కు లెక్కన పోయినయి.

ఆ రోజు అవ్వ కూడా వచ్చింది. మేము అంకె పైకి చదివినం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నది: "టైట్ టైట్ అంటే పడుగు టైట్ ఉన్నదేమో అనుకున్న బిడ్డా. పోగులు తెగుతున్నయేమో, భీము వదులు చేస్తడు తియ్యి అనుకున్న."

నవ్వకండి. మగ్గం దగ్గర పుట్టి పెరిగిన మనిషికి టైట్ అంటే అదే. మరమగ్గం మీద ఆ మాట పొద్దస్తమానం వినపడుతుంది. బిగువు ఎక్కువైతే పోగు తెగుతుంది, వదులు చేస్తే సరిపోతుంది.

అసలు మాట ఇంకా ఉన్నది. ఆమె పేరు మీద బచత్ గట్‌లో, భిశీలో కలిపి ఆ దీపావళికి 41 వేలు ఉన్నయి. వెయ్యి బీడీలకు ఇంత అని వచ్చే కూలీలోంచి వెనకేసుకున్నవి. మనవరాలి పెళ్లికని దాచింది. "35 వేలు తక్కువ పడ్డయి అవ్వా, నూలుకు, సంక్రాంతికి ఇస్త" అని కొడుకు తెలుగుల అడిగి ఉంటే ఇచ్చేదాన్నని మా ముందే చెప్పింది. పైసలు అదే ఇంట్లో, అదే గోడకు ఆనుకొని ఉన్న పెట్టెలో ఉన్నయి. మధ్యలో ఒక మాట అడ్డం ఉన్నది.

కొడుకు తప్పుచేసినవాడని మేము అనడం లేదు. ఆయన తాగుడు లేదు, జూదం లేదు. తల్లికి చెప్పడానికి సిగ్గుపడ్డడు, అంతే.

ఈ రొటేషన్ అనే మాట గురించి కొంచెం ఆగుదాం, ఎందుకంటే మా నోటుబుక్కులో అన్నిటికంటే ప్రమాదమైనది అదే. వ్యాపారంలో రొటేషన్ అంటే నూలు కొని, నేసి, అమ్మి, వచ్చిన పైసలతో మళ్లీ నూలు కొనడం. చక్రం తిరుగుతుంది, ప్రతి తిరుగుడుకు నాలుగు రూపాయలు మిగులుతాయి. ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కట్టడానికీ మనం అదే మాట వాడుతున్నాం. అందులో చక్రం లేదు. నేసింది లేదు, అమ్మింది లేదు. ప్రతిసారీ ఫీజు, వడ్డీ మాత్రం కలుస్తాయి. పాతవాళ్లు దీన్ని 'అప్పు చేసి అప్పు తీర్చడం' అన్నారు. ఆ మాట అంటే చెప్పేవాడికే భయమేస్తుంది. రొటేషన్ అంటే కార్ఖానా బాగా నడుస్తున్నట్టు వినపడుతుంది.

ఇప్పటిదాకా మనం అనే మాటలు. వాళ్లు మనతో అనే మాటలు, అంటే కాగితాల మీద అచ్చయ్యేవి, ఇంకో రకం. ఇవి అస్పష్టం కావు, చాలా కచ్చితం. మనమే వాటిని అస్పష్టంగా వింటున్నాం.

మొదటిది 'ఫ్లాట్'. లక్ష రూపాయలు, ఏడాదికి పన్నెండు శాతం ఫ్లాట్, పన్నెండు హప్తాలు అన్నారనుకోండి. మనోళ్లకు వడ్డీ రూపాయల్లో తెలుసు. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి పన్నెండు. కాబట్టి "రూపాయి వడ్డీ, మంచిదే" అనుకొని సంతకం పెడతారు. కాని ఫ్లాట్ అంటే మొదటి హప్తా కట్టినా, పది హప్తాలు కట్టినా, వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీదనే లెక్క. 12,000 వడ్డీ, నెలకు 9,333 హప్తా. అదే పన్నెండు శాతం తగ్గుతున్న బాకీ మీద వేస్తే హప్తా 8,885, మొత్తం వడ్డీ దాదాపు 6,600. అంటే ఫ్లాట్‌లో మీరు కడుతున్నది నిజానికి నూటికి నెలకు దాదాపు రూపాయి ఎనభై పైసల వడ్డీ. కాబట్టి బల్ల దగ్గర మేము చెప్పేది ఇదే. శాతం చెప్పినవాణ్ని "నూటికి నెలకు ఎన్ని రూపాయలు, ఉన్న బాకీ మీదనా, తీసుకున్న మొత్తం మీదనా?" అని తెలుగులనో, మరాఠీలనో అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పనివాడి దగ్గర కాగితం ముట్టొద్దు.

రెండోది 'మారటోరియం'. 2020లో కరోనా వచ్చినప్పుడు రిజర్వ్ బ్యాంక్ మార్చి నుంచి మే దాకా, తర్వాత ఆగస్టు దాకా హప్తాలు ఆపుకోవచ్చని చెప్పింది. మగ్గాలు బంద్, బీడీ బంద్, అది పెద్ద ఆసరానే. కాని పేటల్లో ఆ మాట ఎట్ల తిరిగింది? "మాఫీ అయిందట." ఆ లాటిన్ మాటకు మూలం ఆలస్యం అనే అర్థం. ఆగిన ఆరు నెలలకూ వడ్డీ పెరిగింది. వడ్డీ మీద పడిన వడ్డీని, 2 కోట్ల లోపు అప్పులకు, కేంద్రం తర్వాత తిరిగి ఇచ్చింది గాని అసలు వడ్డీని కాదు. తర్వాతి ఏడాది ఎంతమంది మా బల్ల దగ్గరికి వచ్చి "మాఫీ అయినదానికి మళ్లీ అడుగుతున్నరు" అన్నారో. వాయిదా అని ఒక్క తెలుగు మాట గోడ మీద రాసి ఉంటే చాలు, అందరికీ అర్థమయ్యేది. కోర్టుకు పోయినవాళ్లందరికీ వాయిదా అంటే ఏమిటో తెలుసు.

మూడోది 'గ్యారంటర్'. దీని మీద మాకు కోపం ఉన్నది, అందుకే గొంతు పెంచుతున్నాం. మన దగ్గర బావ కోసం బావమరిది, దోస్తు కోసం దోస్తు సంతకం పెడతాడు. "ఏం లేదు, ఫార్మాలిటీ" అంటారు. ఇదీ ఇంగ్లీషే. చాలామంది దాన్ని సాక్షి సంతకం అనుకుంటున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే బాధ్యత. ముందు వాణ్ని పట్టుకోండి, తర్వాత నా దగ్గరికి రండి అనడానికి లేదు. మన తెలుగులో దీనికి పూచీ అని మాట ఉన్నది. "వాడికి నేను పూచీ" అని మన తాత అన్నాడంటే వాడు కట్టకపోతే నేను కడతానని పదిమంది ముందు చెప్పినట్టు. ఆ మాట ఊరికే అనేవాడు కాదు.

మిగతావి తొందరగా చెప్తాం, ఆకలి వేళ అవుతున్నది. హప్తా తొంభై రోజులు దాటి ఆగితే బ్యాంకు ఆ ఖాతాను 'ఎన్‌పీఏ' అంటుంది. అంతకు ముందే ముప్పై రోజులు, అరవై రోజులు, తొంభై రోజులు అని మూడు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు మీద ఉండగా బ్యాంకుకు పోయి మాట్లాడితే వినే అవకాశం ఎక్కువ, తొంభై దాటినాక వాళ్ల చేతులు కూడా కట్టేసి ఉంటాయి. ఇంకొకటి 'సెటిల్‌మెంట్'. లక్ష బాకీ ఉంటే అరవై వేలకు ఒప్పుకున్నారు, మంచిదే, కట్టండి. కాని మీ సిబిల్ రిపోర్టులో ఆ అప్పు 'క్లోజ్డ్' అని రాదు, 'సెటిల్డ్' అని వస్తుంది. రేపు పిల్ల చదువుకు అప్పు అడిగితే ఆ మాట ఎదురొస్తుంది. మన చెవికి సెటిల్ అయిందంటే పని పూర్తయినట్టు, కొడుకు అమెరికాలో సెటిల్ అయినట్టు. వాళ్ల పుస్తకంలో అది 'పూర్తిగా కట్టలేదు' అని.

ఊర్ల దిక్కు మన చుట్టాలను అడగండి, ఇంకో మాట వినపడుతుంది. "ఆయన ఐపీ పెట్టిండు." ఎవరో వ్యాపారి అప్పులు ఎగ్గొట్టి పారిపోయిండని అర్థం చెప్పుకుంటాం. ఐపీ అంటే ఏందో అని చాలామంది అడగరు కూడా. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే రెండు మాటల్లో మొదటి అక్షరాలు అవి. ఇచ్చుకోలేను, నా దగ్గర ఉన్నదంతా కోర్టు చూసి అందరికీ పంచమని అడిగే దరఖాస్తు. 1920లో వచ్చిన చట్టం అది, అప్పు 500 రూపాయలకు చేరితే అప్పులవాడే కోర్టుకు పోవచ్చని అందులో రాశారు. ముంబై, కలకత్తా, మద్రాసు లాంటి పట్నాలకు 1909 నాటిది వేరే ఉన్నది. ఎక్కడో కొందరు ఆస్తి దాచి ఆ తలుపు వాడుకున్నరు, దాంతో మాటకే చెడ్డ పేరు వచ్చింది. నిజంగా మునిగిపోయినవాడు కూడా ఆ తలుపు దిక్కు చూడడానికి భయపడుతున్నడు, "వాడు ఐపీ మనిషి" అంటారని. చట్టం ఒక దారి చూపితే మనం దాన్ని తిట్టుగా మార్చుకున్నాం. మేము ఎవరినీ ఆ దారికి పొమ్మనడం లేదు. వకీలును అడగకుండా అసలే వద్దు. కాని ప్రాణం మీదికి తెచ్చుకోవడం కంటే ముందు చాలా తలుపులు ఉన్నాయని మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాం. ఈ సభలో కూర్చున్న కొన్ని ఇళ్లకు ఈ మాట ఎందుకు చెప్తున్నామో తెలుసు. ఇంతకంటే చెప్పం.

అడ్జస్ట్ అనే మాట ఆడవాళ్ల మాట. ఇది మాలో బడి పంతులమ్మ పట్టుబట్టి రాయించింది. మగవాడు టైట్ అంటే ఆడది అడ్జస్ట్ అంటుంది. పాలు ఒక పూట తగ్గించడం, మందుబిళ్ల రోజు విడిచి రోజు వేసుకోవడం, కొప్పులోని బంగారం పువ్వు కరగబెట్టడం, రాత్రి పదకొండు దాకా ఇంకో రెండు వందల బీడీలు చుట్టడం, వీటన్నిటికీ కలిపి ఆమె వాడే మాట అడ్జస్ట్. ఇంట్లోవాళ్లు విని ఊరుకుంటారు, ఎందుకంటే ఆ మాటలో ఆకలి వినపడదు. ఒకసారి బల్ల దగ్గర ఒక కోడలిని "అడ్జస్ట్ అంటే ఏం చేస్తున్నవు తల్లీ?" అని అడిగినం. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తుంటే పక్కన కూర్చున్న మగడు లేచి బయటికి పోయిండు. పది నిమిషాలకు వచ్చి, తనకు ఇవన్నీ తెలియవన్నడు. అబద్ధం చెప్పలేదు. నిజంగనే తెలియదు.

అప్పటి నుంచి బల్ల మీద ఒక అట్టముక్క పెట్టినం. దాని మీద మూడు మాటలు రాసి ఉంటాయి: ఎంత? ఎవరికి? ఎప్పటి లోపు? కూర్చున్న మనిషి టైట్ అన్నా, షార్ట్ అన్నా, ఆ అట్టను అటు జరుపుతాం. మొదట్లో మనసుకు కష్టమనిపిస్తుంది. కొందరు లేచిపోయినారు కూడా. ఒకాయన మా మీద కోపంతో ఆరు నెలలు మందిరానికే రాలేదు. ఇది మా తప్పు కూడా కావచ్చు, అడిగే తీరు ఇంకా మెత్తగా ఉండాలేమో. ఇప్పుడు ముందు టీ ఇచ్చి, ఇంట్లో అందరూ బాగున్నరా అని అడిగి, అప్పుడు అట్టముక్క చూపిస్తున్నాం.

ఆ నాలుగు మగ్గాల ఇల్లు ఇప్పుడు ఎట్లున్నదని భోజనాల దగ్గర అడుగుతారు, అందుకే చెప్తున్నాం. రెండు మగ్గాలు తిరుగుతున్నయి. బాకీలో సగం పైన తీరింది. ఇంట్లో అల్మారా తలుపుకు లోపలి దిక్కు ఒక కాగితం అంటించి ఉన్నది, ఎవరికి ఎంత, ఏ తారీఖున అని. కోడలు తెలుగుల రాసింది. అవ్వకు చదువు రాదు గాని అంకెలు వస్తయి.

ఈ ప్రసంగం మన సంచికలో ఫోన్‌లకు కూడా వస్తుందని సంపాదకులు చెప్పినారు. తెలుగు చదవరాని పిల్లలు ఇళ్లల్లో ఎక్కువైనరు, కాబట్టి చదవగలిగినవాళ్లు మిగతావాళ్లకు చదివి వినిపించండి. ఇవాళ భోజనాలైనంక సాయంత్రం ఐదింటి దాకా కింది గదిలో ముగ్గురం ఉంటాం. బయటి ఊర్ల నుంచి వచ్చినవాళ్లు ముందు రండి, మీకు బండి ఉంటుంది. మిగతావాళ్లకు ఎప్పటిలాగే ఆదివారం పది నుంచి ఒంటిగంట. కాగితాలు అన్ని పేజీలూ తెండి, వెనక దిక్కు అచ్చయినవి కూడా. ఎవరికైనా పూచీ సంతకం పెట్టినవాళ్లు, మీరు పెట్టిన కాగితం నకలు మీ దగ్గర లేకపోతే, లేదని చెప్పడానికైనా రండి.